వెదకువాని మాట, వ్రాయువాని బాధ్యత

వస్తువు ఎంత విలువైనదైనను, దాని పేరు తెలియనివాడు దానిని అడిగి తెచ్చుకొనలేడు. అంగడికి పోయి “ఆ నల్లని గింజలిమ్ము” అనువానికి అంగడివాడు మినుములిచ్చునో మిరియములిచ్చునో చెప్పజాలము. కొనువాడు ఒక పేరును, అమ్మువాడు మఱొక పేరును పలుకుచున్నను బేరము కుదరదు. సరుకు అరమీదనే యుండును, అక్కఱగలవాడు వట్టి సంచితో ఇంటికి పోవును. నేడు పుస్తకములు, పత్రికలు, ప్రకటనలు, పాఠములు అన్నియు ఒక పెద్ద అంగడివలె మన చేతిలోని సెల్ ఫోనులోనికి వచ్చి చేరినవి. ఆ అంగడికి వాకిలి ఒక చిన్న గడి మాత్రమే. అందు మనము రెండు మూడు మాటలు వ్రాసినచో, సెర్చ్ ఇంజిన్ అను యంత్రము ఆ మాటలకు తగిన పుటలను ఏర్చి మన ముందు వరుసగా పెట్టును. ఆ మాటలకే కీవర్డులని పేరు. తాళము తెఱచు చెవి వంటి మాటలని తెలుగున చెప్పుకొనవచ్చును.

ఇట్టి విషయమును గూర్చి పాఠశాల పత్రికలో వ్రాయుటకు రెండు కారణములు కలవు. మొదటిది, మన పాఠశాలకు ఒక వెబ్ సైటు నేర్పఱచి, అందు మన విద్యార్థులచేత మన గ్రామములను గూర్చియు, పంటలను గూర్చియు వ్యాసములు వ్రాయింపవలెనను తలంపు పుట్టుట. ఈ మాట వచ్చినప్పుడు ఉపాధ్యాయుల గదిలో మూడు విధములైన అభిప్రాయములు వినబడినవి. లోకమంతయు ఆంగ్లముననే వెదకును గావున కీవర్డులన్నియు ఆంగ్లముననే యుండవలెనని ఒకరనిరి. “బాపట్ల జిల్లాలో ఉత్తమ పాఠశాల” యను మాటను పుటపుటకును పదింతలుగా చేర్చినచో మన పేరు మొదట వచ్చునని మఱియొకరనిరి. కీవర్డులన్నవి వర్తకుల యుక్తులు గావున విద్యాలయమునకు వానితో పనిలేదని మూడవవారనిరి. ఈ మూడింటిలో దేనితోను మేము ఏకీభవింపజాలకపోతిమి.

రెండవ కారణము ఇంతకంటె ముఖ్యమైనది. మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తండ్రి కౌలు రైతు. గడచిన కార్తిక మాసమున వరి ఈనిన పిమ్మట వెన్నుల మెడలు నల్లబడి విరుగుటను ఆయన చూచెను. రాత్రులు చల్లబడి మంచు కురియు దినములలో ఆ తెగులు ఒక మడిలో ఆగునది కాదు. ఆయన కుమార్తెను పిలిచి, “అమ్మా, నీ చదువు దేనికి? ఫోనులో చూచి చెప్పు” మనెను. ఆమె “వరి మెడవిరుపు మందు” అని వ్రాసి వెదకెను. మొదట వచ్చిన పుటలో ఆ మూడు మాటలు ప్రతి పంక్తియందును కనబడినవి. వరి మెడవిరుపు మందు కొఱకు వెదకుచున్నారా, వరి మెడవిరుపు మందు మంచిది ఏది, వరి మెడవిరుపు మందు ఎచ్చట దొరకును అని ప్రశ్నలమీద ప్రశ్నలు. జవాబు మాత్రము లేదు. చివరకు కొనుగోలునకు ఒక ఫోను నంబరు. తండ్రీ కూతుండ్లు ఇట్టి పుటలను తిరుగవేయుటలో ఒక రాత్రియు, ఆ నంబరునకు ఫోను చేయుటలో మఱునాడును గడిపిరి. మూడవనాడు గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలము చూచి నాలుగు మాటలలో చేయవలసినది చెప్పెను. అప్పటికి తెగులు ప్రక్క మడికి దాటినది. ఆ బాలిక బడికి వచ్చి, “మేష్టారూ, మేము వెదకిన మాట ఆ పుటలో ముప్పదిసార్లు ఉన్నదండీ. మాకు కావలసినది ఒక్కసారి కూడ లేదండీ. ఎందుచేతనండీ?” అని అడిగినది. ఆ పూట మేము సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు జవాబుగా వ్రాయుచున్నాము.

ముందుగా ఆ యంత్రము పనిచేయు విధమును తెలిసికొనవలెను. పెద్ద గ్రంథముల చివర పదసూచిక యుండును. ఏ మాట ఏ పుటలో నున్నదో అందు చూచుకొనవచ్చును. బైబిలు చదువువారికి ఇట్టి పదానుక్రమణిక క్రొత్త కాదు. 1737లో అలెగ్జాండర్ క్రూడెన్ అనునాతడు ఆంగ్ల బైబిలునకు పెద్ద పదానుక్రమణికను లండను నగరమున ప్రకటించెను. వచనములో ఒక్క మాట జ్ఞాపకమున్నచో చాలును, దాని సాయమున వచనమును పట్టవచ్చును. సెర్చ్ ఇంజిన్ చేయునదియు ఇట్టి పనియే. మనము వెదకిన క్షణమున అది లోకమంతయు తిరిగి చూచుట లేదు. దాని యంత్రదూతలు ఎల్లవేళల ఒక లింకునుండి మఱొక లింకునకు పోవుచు, కనబడిన పుటలను చదివి, ఏ మాట ఏ పుటలో నున్నదో ముందుగనే సూచిక కట్టి యుంచును. మనము అడిగినప్పుడు ఆ సూచికను తెఱచి చూచును.

అయితే “వరి” యను మాటయున్న పుటలు లెక్కకు మించి యుండగా ఏది ముందు పెట్టవలెను? 1998లో లారీ పేజ్, సెర్గే బ్రిన్ అను ఇరువురు యువకులు గూగులు సంస్థను స్థాపించిరి. వారి ప్రధానమైన ఊహ ఇది: ఒక పుటను ఇతర పుటలు లింకుల ద్వారా పేర్కొనుట దానికి చెప్పిన సాక్ష్యము వంటిది, మంచి పేరుగల పుటలు ఎక్కువగా పేర్కొను పుట ముందు రావలెను. ఊరిలో వైద్యుని గూర్చి విచారించునప్పుడు మనము వైద్యుని మాట వినుటకంటె ఊరివారి మాటయే వినుదుము గదా! కాలక్రమమున ఇంకను అనేకములైన గురుతులు చేరినవి గాని, పుటలోని మాట, పుటను గూర్చి ఇతరుల మాట అను ఈ రెండును నేటికిని మూలాధారములుగా నున్నవి.

మాటకు ఇంతటి విలువ ఏర్పడినపుడు దానిని దొంగిలించువారును పుట్టుదురు. వెబ్ పుటలలో చదువరికి కనబడక యంత్రమునకు మాత్రమే కనబడు ఒక చోటున కీవర్డుల పట్టిక వ్రాయు ఆచారము మొదట నుండెను. పుటలోని విషయమును క్లుప్తముగా తెలుపుటకు ఏర్పడిన ఆ చోటును కొందరు సంబంధము లేని మాటలతో నింపిరి. తెల్లని పుటపై తెల్లని అక్షరములతో వందలకొలది మాటలు వ్రాసి, మనుష్యునికి కానరాకుండ యంత్రమును మాత్రము భ్రమింపజేయువారును ఉండిరి. దాని ఫలమేమి? 2009 సెప్టెంబరులో గూగులువారు వెబ్ పుటల వరుసను నిర్ణయించుటలో ఆ కీవర్డుల పట్టికను తాము లెక్కలోనికి తీసికొనుటలేదని బహిరంగముగా తెలిపిరి. 2011 ఫిబ్రవరిలో, సరుకులేని పుటలను వెనుకకు నెట్టునట్లు తమ పద్ధతిని మార్చిరి. 2019 అక్టోబరులో, వెదకువాడు వ్రాసిన మాటలను విడివిడిగా గాక, ఒకదానితో నొకటికిగల సంబంధమును బట్టి గ్రహించు క్రొత్త విధానమును ప్రవేశపెట్టిరి. ఒకే మాటను అనవసరముగా దట్టించుట నేడు వారి నియమములలో నేరముగా నెంచబడుచున్నది. కావున “ఉత్తమ పాఠశాల” యని పదింతలు వ్రాయుడని చెప్పిన మిత్రునికి మా సమాధానము: అది తప్పు మాత్రమే గాక, కాలము చెల్లిన తప్పు.

“అట్లయినచో ఆ బాలికకు దొంగ పుటయే ఏల మొదట వచ్చినది?” అని చదువరులు అడుగవచ్చును. ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. యంత్రము ఉన్నవానిలో మంచిదానిని ఏర్చును గాని, లేనిదానిని పుట్టింపజాలదు. వరి నాటని మడిలో తుంగ మొలచును. “వరి మెడవిరుపు” అను మాట క్రింద, తెలుగున, తెలిసినవారు వ్రాసిన పుట దానికి చిక్కియుండినచో అది ముందుకు వచ్చియుండెడిది. తెలిసినవారు వ్రాయలేదనియు అనరాదు. వారు వ్రాసినది ఆంగ్లమున నున్నది, లేదా రైతు పలుకని మాటలతో నున్నది. కావున దొంగ పుటను వ్రాసినవాని దోషము ఎంతయో, తెలిసియుండి వెదకువాని మాటలతో వ్రాయని మనబోంట్ల దోషమును అంతయే. కీవర్డు వర్తకుల యుక్తి యని త్రోసివేయు మూడవ మిత్రుడు ఈ సంగతిని ఆలోచింపవలెనని కోరుచున్నాము.

వెదకువాని మాట యనగా నేమో మన నేలమీది ఉదాహరణములతోనే చూతము. మన కృష్ణా పశ్చిమ డెల్టాలో పేరొందిన సన్న వడ్లకు బాపట్ల పరిశోధన క్షేత్రము పుట్టినిల్లు. 1986లో విడుదలయైన ఆ వంగడమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన సంఖ్య బీపీటీ 5204. దాని పేరు సాంబ మసూరి. ఒక రైతు “సాంబ మసూరి” యని వెదకును, మఱొకడు “బీపీటీ” యని మాత్రమే వెదకును, విత్తనముల దుకాణమువాడు సంఖ్యతో వెదకును. ముగ్గురికిని కావలసినది ఒక్కటే. పుట వ్రాయువాడు “బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అనగా బీపీటీ 5204” అని మొదటి వాక్యముననే వ్రాసినచో ముగ్గురును దారి తప్పక వత్తురు. ఆ వంగడమునకు ఎండాకు తెగులును తట్టుకొను శక్తినిచ్చి హైదరాబాదు శాస్త్రజ్ఞులు సిద్ధపఱచిన మెఱుగైన సాంబ మసూరి 2008లో విడుదలయైనది. ఆ సంగతి వ్రాయువాడు “ఎండాకు తెగులు” అను రైతు మాటను విడిచి, బాక్టీరియా పేరును మాత్రమే వ్రాసినచో ఆ పుట ఎవరికి ఉపకరించును? అట్లే శాస్త్ర గ్రంథములలో బ్రౌన్ ప్లాంట్ హాపర్ అని పిలువబడు పురుగు మన పొలములలో సుడిదోమ. అది చేయు నాశము దోమపోటు. అగ్గి తెగులు వెన్ను మెడకు తగిలినచో మన రైతు నోట మెడవిరుపు. శాస్త్రనామమును విడువవలదు, దాని ప్రక్కనే ఇంటిపేరును పెట్టుడు.

ఒంటి మాటకంటె రెండు మూడు మాటల కూర్పు ఎక్కువ ఫలమిచ్చునని గూడ ఇందు గ్రహింపవలెను. “పసుపు” అని మాత్రమే వ్రాసి వెదకువానికి రంగు కావలెనో, పంట కావలెనో, వంట కావలెనో యంత్రమునకు తెలియదు. “దుగ్గిరాల పసుపు ధర” అనినచో సందేహము లేదు. “తెనాలి” యనినచో కొందరికి ఊరు, కొందరికి రామకృష్ణ కవి. కావున వ్రాయువాడు తన పుట ఏ ప్రశ్నకు జవాబో ముందుగా ఒక చిన్న వాక్యముగా వ్రాసికొని, ఆ వాక్యములోని మాటలనే తన కీవర్డులుగా గ్రహింపవలెను. ఈ పద్ధతి పరీక్షలో ప్రశ్నను చదివి జవాబు వ్రాయుట వంటిదే. ప్రశ్నను మఱచి పుటలు నింపిన విద్యార్థికి మేము ఎన్ని మార్కులు వేయుదుమో మా విద్యార్థులకు బాగుగ తెలియును.

ఊళ్ల పేర్లలోను, మనుష్యుల పేర్లలోను ఇంకొక చిక్కు కలదు. మన అమృతలూరునే చూడుడు. వాడుకలో అమర్తలూరనువారు ఉన్నారు. ఆంగ్లాక్షరములతో వ్రాయునప్పుడు తకారమునకు టీ యొకటి చాలునని కొందరు, టీ వెనుక హెచ్ ఉండవలెనని కొందరు. చివరి ఉకారమును ఉంచువారు కొందరు, తీసివేయువారు కొందరు. ఒక్క ఊరు ఈ విధముగా అయిదాఱు ఊళ్లగుచున్నది. ఇక జిల్లా సంగతి. 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మన మండలము గుంటూరు జిల్లానుండి బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. అంతకు పూర్వము వ్రాసిన పుటలన్నియు గుంటూరు జిల్లా యనియే చెప్పుచుండును. దూరదేశమున నున్న మన పూర్వ విద్యార్థులును ఆ మాటతోనే వెదకుదురు. కావున “బాపట్ల జిల్లా (2022కు పూర్వము గుంటూరు జిల్లా) అమృతలూరు” అని ఒక్కసారి స్పష్టముగా వ్రాయుట సత్యమునకును సరిపోవును, వెదకువానికిని సాయపడును. మన సముద్రతీరమందలి నిజాంపట్టణము ఆంగ్ల వర్తకుల వ్రాతలలో పేటపోలి యని కనబడును. 1611లో వారి గ్లోబు అను ఓడ అచ్చటికి వచ్చినది. ఈ పాత పేరును ఎఱుగని విద్యార్థి నిజాంపట్టణపు పూర్వచరిత్రను ఎంత వెదకినను సగమే పట్టుకొనును. ఎఱిగినవాడు వ్రాయునప్పుడు రెండు పేర్లను జతపఱచినచో తరువాతివాని శ్రమ తప్పును. 1842లో గుంటూరునకు వచ్చిన మిషనరీ హైయర్ గారి పేరును మనవారు హైయరనియు, హేయరనియు, హెయ్యరనియు వ్రాయుదురు. మన మిషను చరిత్ర వ్రాయు బాలబాలికలు ఒక రూపమును ప్రధానముగా గ్రహించి, తక్కిన రూపములను ఒక్క పర్యాయము పేర్కొనుట మేలు.

ఇప్పుడు ఆంగ్లము చాలునన్న మొదటి మిత్రుని మాటను విచారింతము. కొంతకాలము క్రిందట ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. యూనికోడు అను అంతర్జాతీయ పద్ధతిలో తెలుగు అక్షరములకు 1991లోనే స్థానము దొరికినను, చాలకాలము వఱకు మన పత్రికలనేకములు తమ తమ సొంత ఫాంటులతో వెబ్ సైటులు నడిపినవి. కంటికి అవి తెలుగే. యంత్రమునకు మాత్రము అర్థములేని ఆంగ్లాక్షరముల కుప్ప. ఆ కాలమున తెలుగు మాటతో వెదకినవానికి తెలుగు వార్త దొరకలేదు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా మొదలైనవి యూనికోడునే గ్రహించుటచేత ఆ స్థితి క్రమముగా మాఱినది. 2017లో గూగులువారు నోటిమాటతో వెదకు సౌకర్యమును తెలుగునకు గూడ కల్పించిరి. అనగా అక్షరములు కొట్టుట రాని అవ్వ కూడ నేడు ఫోనుతో మాటలాడి వెదకగలదు. ఆ అవ్వ ఆంగ్లమున అడుగునా? మన పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో ఎందరు ఆంగ్లమున అడుగుదురు? ఆంగ్ల పుటయు ఉండుగాక; తెలుగు పుట లేకుండుట మాత్రము మన ముంగిలివారికి తలుపు మూయుటయే. ఇంకొక మాట. మన పాఠశాలలు, కార్యాలయములు ప్రకటనలను కాగితముమీద వ్రాసి ఫోటో తీసి పెట్టుచున్నవి. ఫోటోలోని అక్షరములను యంత్రము ఎల్లప్పుడు చదువగలదని నమ్మరాదు. ప్రకటనను అక్షరములుగనే టైపు చేసి పెట్టవలెను.

తెలుగున వ్రాయువారికి తెలుగు స్వభావమువలన కలుగు కష్టములును కొన్ని కలవు. మన మాట ఒక్క రూపముతో నిలుచునది కాదు. తెనాలి, తెనాలికి, తెనాలిలో, తెనాలినుండి యని విభక్తులు తోకలుగా చేరును. ఊరు అను మాట ఊరి యగును, ఇల్లు అను మాట ఇంటి యగును. సంధి చేరినచో మాట ముఖమే మాఱిపోవును. యంత్రము ఆంగ్లపు మాటల రూపభేదములను గ్రహించినంత చక్కగా తెలుగు రూపములను ఎల్లవేళల గ్రహించునని అనుకొనరాదు. కావున ముఖ్యమైన మాటను శీర్షికలోనైనను, మొదటి వాక్యములోనైనను విభక్తి లేకుండ, సంధి లేకుండ విడిగా నొక్కసారి వ్రాయవలెను. ఇంకను చిత్రమైన సంగతి యొకటి కలదు. మేము ఈ పత్రికలో “వ్యవసాయము”, “పుస్తకము”, “విత్తనము” అని ము-వర్ణముతో వ్రాయుచున్నాము. వెదకు లోకమంతయు “వ్యవసాయం”, “పుస్తకం”, “విత్తనం” అని సున్నతో వెదకుచున్నది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషకై జీవితమంతయు వాదించి 1940లో గతించిరి. ఆయనతో వాదించిన పండితుల శిష్యపరంపరలోని వారమైనను, వెదకు గడి ముందు మాత్రము పంతులుగారే గెలిచిరని ఒప్పుకొనక తప్పదు. పత్రికకు గ్రాంథికము శోభ నిచ్చుగాక. వెబ్ సైటులో మాత్రము మన విద్యార్థులు ఇంటిలో తల్లి మాటలాడు తెలుగుననే వ్రాయవలెనని మేమే చెప్పుచున్నాము.

ఇక కీవర్డును ఎచ్చట ఉంచవలెను? పుట శీర్షికలో ఉంచవలెను. ఏలయన, వరుసలో వెదకువానికి మొదట కనబడునది అదియే. “మా వ్యాసము”, “స్వాగతము” వంటి శీర్షికలు ఎవరికిని ఏమియు చెప్పవు. “అమృతలూరు మండలంలో వరి తరువాత మినుము సాగు” అనునది శీర్షిక. తరువాత మొదటి వాక్యములలోను, అవసరమైనచో ఉపశీర్షికలలోను ఉండవలెను. పటము పెట్టినచో దాని క్రింద అది దేని పటమో, ఏ ఊరిదో వ్రాయవలెను. చూపులేనివారికి ఫోను చదివి వినిపించుటకు పటము వెనుక వ్రాయు వర్ణనయందును అదే సత్యమును చెప్పవలెను. లింకు పెట్టునప్పుడు “ఇక్కడ నొక్కుడు” అనక “భట్టిప్రోలు స్తూపం చరిత్ర” అని ఆ లింకు ఎచ్చటికి తీసికొనిపోవునో దాని పేరుతోనే వ్రాయవలెను. ఎన్నిసార్లు వ్రాయవలెనని అడుగువారు ఉన్నారు. దానికి లెక్క లేదు. వ్రాసినదానిని బిగ్గరగా చదువుడు. వినువాని చెవికి ఎచ్చట విసుగు పుట్టునో అచ్చట ఒకటి తీసివేయుడు. ఉప్పు తగినంతయే వేయుదుము గాని, రుచి గలదు గదా యని కూరంతయు ఉప్పు చేయము.

ఈ మాటలు ఎచ్చట దొరకును? వెదకు గడిలో ఒక మాట వ్రాయగనే యంత్రము క్రింద కొన్ని వాక్యములను సూచించును. అవి చాలవఱకు లోకులు వెదకిన మాటలే. అవి చూడదగినవి. కాని మా విద్యార్థులకు అంతకంటె మంచి పాఠశాల వేఱొకటి కలదు. పొలమునకు పోయి నలుగురు రైతులను అడుగుడు; సంతకు పోయి వినుడు; అమ్మమ్మను అడుగుడు. వారు దేనిని ఏ పేరుతో పిలుతురో నోటు పుస్తకమున వ్రాసికొనుడు. ఒక తెగులునకు అమృతలూరులో ఒక పేరును, రేపల్లె దిక్కున మఱొక పేరును వినబడినచో రెండింటిని వ్రాయుడు. కొందరికి ఇది యంత్రమునకు చేయు సేవగా తోచవచ్చును. మాకు ఇది పొరుగువానిని వినుట నేర్పు పనిగా కనబడుచున్నది.

“ఇప్పుడు యంత్రమే జవాబును అల్లి చెప్పుచున్నది గదా, పుటలతో పనియేమి?” యని పై తరగతి బాలుడొకడు మమ్మడిగెను. మంచి ప్రశ్న. అయితే ఆ యంత్రము తాను చెప్పునది ఎచ్చటనుండి నేర్చుకొనును? మనుష్యులు వ్రాసిన పుటలనుండియే. తెలుగున, మన పంటలను గూర్చి, మన ఊళ్లను గూర్చి సత్యమైన పుటలు లేనిచో, అది పరదేశపు జవాబును తెలుగు మాటలలో చెప్పును. లేదా తుంగనే కోసి తెచ్చి వరియని ఇచ్చును. అందుచేత వ్రాయవలసిన అవసరము తగ్గలేదు, హెచ్చినది.

మన పొరుగుననున్న భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ గారు త్రవ్వించినప్పుడు రాతి పేటికలు బయటపడినవి. వానిపై ప్రాచీన లిపిలో అక్షరములు చెక్కబడియున్నవి. ఆ పేటికను ఎవరు చేయించిరో, దేనికొఱకు చేయించిరో ఆ కొద్ది మాటలు చెప్పుచున్నవి. బుద్ధుని అవశేషములను ఉంచుటకని చెప్పిన పేటికలో అట్టివే ఉండెను. రెండువేల సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట వెదకినవారు చదివి, వ్రాసినవారి మాటను నమ్మగలిగిరి. మూతమీది మాటకును లోపలి వస్తువునకును భేదము లేకుండుటయే ఆ నమ్మకమునకు కారణము. నేటి కీవర్డు కూడ మూతమీది మాట వంటిదే. దానిని వ్రాయుట వెదకువానికి ఒక వాగ్దానము చేయుట. ఆ బాలిక చూచిన పుటలో మూతమీద మెడవిరుపు మందని యున్నది. లోపల ఏమియు లేదు.

ఆ బాలికయు, ఆమె తోడివారును ఇప్పుడు “వరి మెడవిరుపు” అను పేరుతో ఒక పుట వ్రాయుటకు పూనుకొనిరి. వ్యవసాయ సహాయకుని వద్ద కూర్చుండి లక్షణములు, తెగులు హెచ్చు కాలము, ముందు జాగ్రత్తలు, మందును గూర్చి ఎవరిని అడుగవలెనో అన్నియు వ్రాసికొనుచున్నారు. ఆయన చదివి సరియన్న పిమ్మటనే దానిని వెబ్ సైటులో పెట్టుదురు. మన పాఠశాల పేరు దానివలన మొదటికి వచ్చునో రాదో మేము చెప్పజాలము. వచ్చే కార్తికమున మంచు కురియు రాత్రి ఏ రైతైనను ఆ మాటతో వెదకినప్పుడు ఒక్క నిజమైన పుటయైనను ఆయన చేతికి అందినచో, ఆ పిల్లల చదువు సార్థకమైనదని మేము తలంతుము. తల్లిదండ్రులు తాము పలుకు మాటలను పిల్లలకు చెప్పుడు. పిల్లలు వానిని శ్రద్ధగా విని వ్రాయుడు. మాటకు తగిన సరుకు పెట్టుడు. ఇంతకు మించిన కీవర్డు రహస్యము మాకు తెలియదు.